ఎలాతెలుసు మేడం పెళ్లి కబురు

మా తత్వశాస్త్రం మేడంకి పెద్దవాళ్లు పెట్టిన పేరొకటి ఉంది గానీ, అది ప్రిన్సిపాలుకి కూడా కాసేపు తడుముకుంటే తప్ప గుర్తొచ్చేది కాదు. కాలేజీ మొత్తానికీ ఆవిడ ‘ఎలాతెలుసు మేడం’. బస్సు వెళ్లిపోయిందంటే “ఎలా తెలుసు?” అనేది. రేపు సెలవంటే “ఎలా తెలుసు?” మీకు జలుబు చేసినట్టుంది మేడం అంటే, ముక్కు తుడుచుకుంటూనే “నీకెలా తెలుసు?” వెటకారం కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగేది. తల కొంచెం పక్కకి వంచి, పిచ్చుక గింజ కోసం చూసినట్టు మన జవాబు కోసం చూసేది. ఆ చూపుకి కట్టుబడి మేం తోచిందేదో చెప్పేవాళ్లం. చెప్పాక మాకే అనుమానం వచ్చేది.

ఆవిడ పని చేసింది కూడా ఆ ఒక్క ప్రశ్న మీదే. ఒక మనిషి ఒక సంగతి నమ్మాడు. నమ్మడానికి మంచి కారణమే ఉంది. ఆ సంగతి నిజం కూడా. అంతమాత్రాన అది అతనికి ‘తెలుసు’ అనొచ్చా? ఈ ముక్క మీద ప్రపంచంలో పెద్ద పెద్ద చదువులవాళ్లు దశాబ్దాలుగా జుట్టూ జుట్టూ పట్టుకుంటున్నారని మొదటి క్లాసులోనే చెప్పింది. మేం మొహమొహాలు చూసుకుంటే ప్యాంటు కథ ఎత్తుకుంది.

“మా తమ్ముడు పొద్దున్నే హడావిడిగా బయల్దేరుతూ తలుపు వెనక్కి తొంగిచూశాడు. మేకుకి నల్లగా ఏదో వేలాడుతోంది. గొడుగు ఇంట్లోనే ఉందిలే అనుకుని వెళ్లిపోయాడు. అది గొడుగు కాదు, వాడి నల్ల ప్యాంటు. కానీ ఆ ప్యాంటు వెనకాల, అదే మేకుకి, గొడుగు నిజంగానే ఉంది. ఇప్పుడు చెప్పండి. గొడుగు ఇంట్లో ఉందని వాడికి తెలుసా, తెలీదా?”

క్లాసు నిలువునా చీలిపోయింది. తెలుసన్నవాళ్లు ఒకవైపు, తెలీదన్నవాళ్లు ఒకవైపు, ఆ ప్యాంటు ఉతికిందా కాదా అన్నవాళ్లు వెనక బెంచీలో. బల్లలు చరుచుకున్నాం. పక్క క్లాసు లెక్కల మాస్టారు వచ్చి గుమ్మంలో నిలబడి ఉరిమి చూశాడు. మేడం మాత్రం చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి, “తెలీదు! అది కాకతాళీయం. కాకి వాలింది, తాటిపండు రాలింది. అందులో కాకి గొప్పేముంది?” అని తేల్చేసింది.

నేను చెప్పబోయే కథలో సగం ఆవిడ మాకు క్లాసులోనే చెప్పింది. మిగతా సగం ఆవిడ కింద వాటాలో ఉండే దర్జీ ఆవిడ, నా చొక్కా కొలతలు తీసుకుంటూ చెప్పింది.

మేడంకి అప్పటికి నలభై దాటాయి. ఇరుకు మెట్లున్న ఒక పాత మేడలో, పైవాటాలో, తనని పెంచిన పిన్నితో ఉండేది. పిన్ని టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. వయసంతా చెవులకి గొట్టాలు తగిలించుకుని ఊళ్లవాళ్ల మాటలు కలిపిన మనిషి. “నా చెవులారా విన్నాను” అందంటే ఇక దానిమీద అప్పీలు లేదు. ఒకే ఇంట్లో ‘విన్నాను’కీ ‘ఎలా తెలుసు’కీ ఇన్నేళ్లు ఎలా పొసిగిందో ఆ గోడలకే తెలియాలి.

ఇల్లంతా పుస్తకాలే. మంచాల కింద, కిటికీ గట్ల మీద, ఫ్రిజ్ నెత్తిన, బట్టలుండాల్సిన చోట. ఎవరైనా వచ్చి కుర్చీలో కూర్చోవాలంటే ముందు అందులోంచి ఎవరో ఒక తత్వవేత్తని లేపాలి. ఒకరోజు నీతిశాస్త్రం గుట్ట ఒరిగి, ‘మంచి’ అంటే ఏమిటో వివరించే లావుపాటి పుస్తకమొకటి సరిగ్గా పిన్ని కాలి బొటనవేలి మీద పడింది.

“మంచి గురించి రాసినవాడు ఇంత బరువుగా రాస్తాడుటే?” అని పిన్ని ఒంటికాలి మీద గెంతింది. “ఈ ఇంట్లో వాళ్లన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. తేల్చుకో.”

మేడం తేల్చుకుంది. గోడంత అలమర చేయించాలనుకుంది. దర్జీ ఆవిడే తనకి కుట్టుబల్ల చేసిన మనిషిని చెప్పింది. రెండు వీధులవతల చెక్కల కొట్టున్న వడ్రంగి. అందరూ ‘గట్టిమేస్త్రీ’ అనేవాళ్లు. ఏ వస్తువు చేసిచ్చినా దాన్ని అరచేత్తో ఒక్క చరుపు చరిచి, “గట్టిది!” అనడం ఆయన అలవాటు. వయసు మేడం కంటే నాలుగేళ్లు ఎక్కువ. పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని అడిగితే, “అడగాల్సిన వయసులో పనిలో పడిపోయానండీ, తల ఎత్తి చూసేసరికి అడిగేవాళ్లు లేరు” అని పకపకా నవ్వేసేవాడు. గిరాకీకొచ్చిన ఆడవాళ్లెవరైనా సరే, పదేళ్ల పిల్ల దగ్గర్నుంచి పండుముసలి దాకా, ఆయనకి ‘అమ్మా’నే.

మెట్లు ఇరుకు కాబట్టి చెక్కలు విడివిడిగా పైకి తెచ్చి, హాల్లోనే బిగించడం మొదలుపెట్టాడు. చట్రాన్ని నేలమీద బోర్లా పడుకోబెట్టి, వెనకవైపు మందపాటి పలకలు కొట్టాడు. పిన్ని లోపలి గదిలో మధ్యాహ్నం కునుకు తీస్తోంది. మేడం ఆ పలకల చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఆలోచనగా అడిగింది:

“మేస్త్రీ గారూ, ఇది ఇద్దరి బరువు ఆగుతుందా?”

ఇద్దరంటే ఎవరో కాదు. ఒకరు పాతకాలపు పెద్ద తత్వవేత్త, రెండో ఆయన జీవితమంతా ఆ మొదటాయన్ని ఖండిస్తూ బతికిన ఇంకో పెద్దాయన. ఇద్దరి సంపుటాలూ లావే. పక్కపక్కనే పెట్టాలని మేడం ముచ్చట. మేస్త్రీకి ఇదంతా ఎలా తెలుస్తుంది?

“గట్టిదమ్మా! ఇద్దరేంటి, ఇంటిల్లిపాదీ ఎక్కినా కదలదు.”

“ఎలా తెలుసు?”

ఇన్నేళ్లలో ఆయన్ని ఆ మాట అడిగినవాళ్లు లేరు. మేస్త్రీ సుత్తి కింద పెట్టాడు. తల గోక్కున్నాడు. “ఎలా తెలుసంటే... ఎక్కి చూడండమ్మా.”

మేడం చెప్పులు విడిచి ఎక్కింది. “గెంతండి” అన్నాడు. గెంతింది. కదల్లేదు. కానీ ఆవిడ ఊరుకునే మనిషా? “నేనొక్కదాన్ని గెంతితే ఇద్దరి సంగతి ఎలా తెలుస్తుంది?”

“అదీ నిజమే” అని మేస్త్రీ కూడా ఎక్కాడు. పడిపోకుండా చెయ్యి అందించాడు. ఇద్దరూ చేతులు పట్టుకుని గెంతారు. కింద వాటాలో దర్జీ ఆవిడ నెత్తిన సున్నం పెళ్లలు రాలాయి. పైన వీళ్లకి నవ్వొచ్చింది. నవ్వుతూ గెంతేసరికి ఇంకా నవ్వొచ్చింది. “వెనక పలక గట్టిదైతే అరలు గట్టివని ఎలా తెలుసూ?” అని మేడం గాల్లో ఉండగానే అడిగింది. “అరల మీద గెంతలేమమ్మా, కాళ్లు ఇరుక్కుంటాయి!” అన్నాడు మేస్త్రీ, ఆయనా గాల్లోంచే.

దర్జీ ఆవిడ కుట్టడం పూర్తయిన మేడం జాకెట్టు ఒకటి చేత్తో పట్టుకుని, అసలేమవుతోందో చూద్దామని మెట్లెక్కి వస్తోంది. ‘ఇద్దరి బరువు ఆగుతుందా’ అన్న మాట అంతకుముందే కిటికీలోంచి చెవిన పడి ఉంది. గుమ్మంలోకి తల పెట్టింది. హాలు నడుమ జంట మంచం. దాని మీద మేడం, మేస్త్రీ, చేతిలో చెయ్యి, కళ్లనీళ్లొచ్చేలా నవ్వులు. తల పెట్టినంత మెల్లగా తీసేసుకుని, చప్పుడు చెయ్యకుండా దిగిపోయింది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ పొగ కూడా లేదు. లేచింది రంపపు పొట్టు. అయినా సాయంత్రానికి పేటంతా కమ్ముకుంది.

మర్నాడు పొద్దున మేడం మెట్లు దిగుతుంటే ఇస్త్రీ పెద్దాయన పెట్టె పక్కన పెట్టి మరీ నమస్కారం పెట్టాడు. “చాలా సంతోషం మేడం. ఇన్నాళ్లకి ఇంట్లోకి వచ్చింది కళ.”

అలమర గురించే అనుకుంది ఈవిడ. మొహం చాటంత చేసుకుని, “అవునండీ, ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నాను. పిన్ని తొందరపెట్టబట్టి ఇప్పటికి కుదిరింది” అంది.

“మేస్త్రీ మంచివాడు.”

“మంచివాడండీ. గట్టి మనిషి. నేనే దగ్గరుండి పరీక్ష చేశాను.”

ఇస్త్రీ పెద్దాయన ఇస్త్రీ చేసిన చొక్కానే మళ్లీ ఇస్త్రీ చెయ్యడం మొదలుపెట్టాడు. బస్టాపులో ఎదురింటి నర్సమ్మ పలకరిస్తే, “గోడంత తోడు దొరికినట్టుంది నాకు” అంది మేడం. కూరగాయల కొట్టులో, “ఇక జీవితాంతం ఇబ్బంది లేదు” అంది. సాయంత్రానికి పేటలో అనుమానం అనేది ఎవరికీ మిగల్లేదు. దర్జీ ఆవిడ చూసింది ఒక ఎత్తు, స్వయంగా పెళ్లికూతురు నోటి మాట ఇంకో ఎత్తు. ఇంతకంటే సాక్ష్యం ఏ కోర్టు అడుగుతుంది?

భోజనాల దగ్గర పిన్ని మూతి ముడుచుకుని కూర్చుంది.

“ఏమైంది పిన్నీ?”

“నాకేమవుతుంది. ఎవరికేమైనా నాకెందుకు చెబుతారు?”

“ఏం చెప్పలేదు నీకు?”

“ఇస్త్రీ ఆయనకి చెప్పావు. నర్సమ్మకి చెప్పావు. వంకాయలమ్మేవాడికీ చెప్పావు. పెంచిన పిన్నికి మాత్రం మేస్త్రీని చేసుకుంటున్నానని ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదు కదే! ఒకే కప్పు కింద ఉండి నేను వీధిలో వినాల్సి వచ్చింది.”

మేడం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. “నేను... మేస్త్రీని... నీకెలా తెలుసు?”

“నా చెవులారా విన్నాను!”

మేడం ముందు బిత్తరపోయింది. తర్వాత పొద్దుట్నుంచీ తనేం మాట్లాడిందో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ‘గోడంత తోడు’ దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగలేదు. మంచినీళ్లు పొలమారాయి. పిన్ని కోపంగానే వీపు నిమిరింది.

మర్నాడు స్టాఫ్ రూములో ఈ సంగతి పెట్టింది. మా తత్వశాస్త్రం శాఖలో ఉన్నది ముగ్గురే. రెండో ఆయన ‘లేదు మాస్టారు’. ఈ లోకంలో బల్లలు, కుర్చీలు, అలమరలు అనేవి అసలు లేవనీ, బల్లలాగా పేర్చిన అతి చిన్న రేణువులు మాత్రమే ఉన్నాయనీ ఆయన వాదం. దాన్ని ఒక బల్ల మీద మోచేతులానించి చెప్పేవాడు. మూడో ఆయన నీతిశాస్త్రం చెప్పే ‘ధర్మసందేహం గారు’. ఏ పని తప్పో ఏది ఒప్పో ఇరవై కోణాల్లో చెప్పగలడు గానీ, కాఫీయా టీయా అంటే మాత్రం తేల్చుకోలేడు.

“నా దృష్టిలో వాళ్ల తప్పేమీ లేదమ్మాయ్” అన్నాడు లేదు మాస్టారు. “అసలు అలమర అనేదే లేనప్పుడు, దాన్ని మంచం అనుకుంటే మాత్రం పోయేదేముంది? అదీ లేదుగా.”

“ప్రశ్న అది కాదు” అన్నాడు ధర్మసందేహం గారు. “ఒక అబద్ధం ఊళ్లో తిరుగుతుంటే, దాన్ని ఖండించే బాధ్యత ఎవరిది? పుట్టించినవాళ్లదా, నష్టపోయినవాళ్లదా, లాభపడినవాళ్లదా?”

“ఇందులో లాభపడిందెవరండీ?”

“అది నువ్వే చూసుకోవాలి తల్లీ” అని ఆయన కాఫీ చెప్పి, మళ్లీ టీకి మార్చాడు.

సాయంత్రం మేడం నేరుగా చెక్కల కొట్టుకి వెళ్లింది. మేస్త్రీ ఈవిణ్ణి చూడగానే లేచి నిలబడి, చిత్రిక పట్టే పలక వెనక్కి తప్పుకున్నాడు. చెవులు ఎర్రబడిపోయాయి.

“అమ్మా, ఒట్టు, నేనెవరితో ఏమీ అనలేదు. పొద్దుట్నుంచీ వచ్చినవాడల్లా భుజం తట్టిపోతున్నాడు.”

అంతలో వెనక గదిలోంచి మేస్త్రీ వాళ్లమ్మ వచ్చింది. పొట్టి మనిషి, గట్టి గొంతు. మేడంని నఖశిఖపర్యంతం చూసింది. “ఈ అమ్మాయేనా? కాస్త బక్కగా ఉంది గానీ నవ్వు మొహం. కూర్చో తల్లీ. మంచం బాగా కుదిరిందా?”

“మంచం కాదే అమ్మా, అలమర!” అన్నాడు మేస్త్రీ ఏడుపుగొంతుతో.

“నిలబెడితే అలమర, పడుకోబెడితే మంచం. చెక్క ఒకటేగా?”

లేదు మాస్టారు ఈ మాట వింటే ముసలావిడ కాళ్లకి మొక్కేవాడని తర్వాత మేడం మాతో అంది.

ఇక ఖండించడం మొదలైంది. మొదట ఇద్దరూ కలిసి దర్జీ ఆవిడ దగ్గరికే వెళ్లి చెబుదామనుకున్నారు. ఇద్దరూ కలిసి గుమ్మంలో నిలబడేసరికి ఆవిడ గబగబా కుర్చీలు దులిపింది. మేడం అలమర సంగతంతా మొదట్నుంచీ వివరంగా చెప్పింది. దర్జీ ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా విని, “మొదట్లో అందరూ ఇంతేనండీ. మా చెల్లెలు కూడా పెళ్లి ముందురోజు దాకా ఒప్పుకోలేదు” అని బిస్కెట్లు పెట్టింది.

ఒక ఎత్తు పారకపోతే ఇంకో ఎత్తు వెయ్యాలి కదా. దానికి మళ్లీ కలవాలి. కొట్టులో వాళ్లమ్మ ఉంటుంది, ఇంట్లో పిన్ని ఉంటుంది, కాబట్టి పార్కులో సిమెంటు బెంచీ మీద కలిసేవాళ్లు. అక్కడ ఎవరో చూశారు. చూసినదాన్ని ఖండించడానికి కాలేజీ క్యాంటీన్లో కలిశారు. అక్కడ మేం చూశాం. పెళ్లి లేదని చెప్పడానికి వాళ్లిద్దరూ కలిసి తిరిగినంతగా, పెళ్లి కుదిరినవాళ్లు కూడా ఆ పేటలో తిరగలేదు.

మొదట్లో ఖండన గురించే మాట్లాడుకునేవాళ్లు. తర్వాత్తర్వాత అది చివర్లో గుర్తొచ్చేది. ఒకరోజు మేడం లేదు మాస్టారి సిద్ధాంతం చెప్పింది. మేస్త్రీ నోరు తెరుచుకుని విన్నాడు.

“బల్లలు లేవా? అయితే ఇన్నేళ్లూ నేనేం చేసినట్టు?”

“పేర్చారు. రేణువుల్ని బల్లలాగా పేర్చారు.”

“మరి మొన్న దాని కోడు తగిలి నా మోకాలు వాచింది?”

“మోకాలు కూడా లేదంటారాయన.”

మేస్త్రీ నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు ఆగి వెక్కిళ్లయింది. వెక్కిలికీ వెక్కిలికీ మధ్యలో “మోకాలు... లేదట...” అనేవాడు. మేడం నీళ్ల సీసా ఇచ్చింది. తాగుతుంటే మళ్లీ వెక్కిలొచ్చి నీళ్లు ఇద్దరి మీదా పడ్డాయి. పార్కులో నడకకొచ్చిన పెద్దవాళ్లు ఆగి చూశారు. తడిసిన కొంగు పిండుకుంటూ మేడం తన కడుపు పట్టుకుంది. ఎప్పుడూ ఏదో ఒకటి ఆలోచించే ఆవిడ బుర్రలో ఆ క్షణాన ఒక్క ఆలోచన కూడా లేదట. ఆ ఖాళీ ఎంత బాగుందో చెప్పడానికి క్లాసులో చాలాసేపు మాటలు వెతుక్కుంది.

మేస్త్రీకి ఇంకో చిక్కొచ్చిపడింది. ‘అమ్మా’ అని పిలవడానికి నోరు రావడం మానేసింది. ‘మేడం’ అంటే బడిపిల్లాడిలా ఉంది. పేరు పెట్టి పిలిచేంత ధైర్యం లేదు. కొన్నాళ్లు పిలుపు లేకుండానే నెట్టుకొచ్చాడు. గొంతు సవరించుకునేవాడు, దగ్గేవాడు, బెంచీ మీద వేలితో టకటకమనేవాడు. చివరికి ఒకరోజు “ఏమండీ” అన్నాడు. ఆవిడ ఉలిక్కిపడి, అలవాటు లేని గొంతుతో “ఏమండీ” అంది. ఆ తర్వాత ఇద్దరూ చెట్టు మీద కాకిని అదేదో విడ్డూరమన్నట్టు చూస్తూ కూర్చున్నారు.

మాకు ఎప్పుడు అర్థమైందంటే, ఒకరోజు పాఠం మధ్యలో ముందు బెంచీ అమ్మాయి లేచి, “మేడం, మీ జుట్టులో రంపపు పొట్టు ఉంది” అంది. క్లాసంతా ఒక్కసారిగా ఊపిరి బిగబట్టి ఆ ప్రశ్న కోసం ఎదురుచూశాం. ఆవిడ అడగలేదు. తల తడుముకుని, ఆ పొట్టుని వేళ్లతో తీసి చూసుకుని, పారెయ్యకుండా పుస్తకంలో పెట్టుకుంది. చెంపలు కందిపోయాయి. బోర్డు వైపు తిరిగి ‘జ్ఞానం’ అని రాయబోయి ‘జ్ఞా’ దగ్గర ఆగిపోయింది.

ఇక ఈ గొడవ తేల్చెయ్యాలని ఇద్దరూ నిశ్చయించుకున్నారు. ఆదివారం పొద్దున మేడ మీదకి అందర్నీ పిలిచి, ఒక్కసారే, అందరి ముందూ, పెళ్లి లేదు గిళ్లి లేదు అని చెప్పెయ్యడం. కింద వాటాలవాళ్లు, ఇస్త్రీ పెద్దాయన, నర్సమ్మ, మేస్త్రీ వాళ్లమ్మ, పిన్ని, స్టాఫ్ రూము నుంచి ఆ ఇద్దరూ, క్లాసు నుంచి మేం కొందరం. తీగల మీద ఆరేసిన దుప్పట్లు గాలికి ఎగురుతున్నాయి. నీళ్ల ట్యాంకు పక్కన మేస్త్రీ ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుని నిలబడ్డాడు. కుర్చీలు లేక కొందరు గోడ మీద కూర్చున్నారు.

మేడం గొంతు సవరించుకుంది. “మీరందరూ మా ఇద్దరి గురించి ఒక మాట అనుకుంటున్నారు. ఆ మాట నిజం...”

ఆగింది. ‘కాదు’ అనాలి. అందరం చూస్తున్నాం. ఆవిడకి ఒక నియమం ఉంది, మాకు కూడా చెప్పేది: మనం నమ్మని మాట నోటితో అనకూడదు, అంటే అది మాట కాదు, శబ్దం. ఆ నియమం ఇప్పుడు గొంతులో అడ్డం పడింది.

“ఏమండీ, ఒక్క నిమిషం ఇలా వస్తారా?” అంది.

‘ఏమండీ’ అన్న మాటకే దర్జీ ఆవిడ నర్సమ్మని మోచేత్తో పొడిచింది. ఇద్దరూ పెద్ద దుప్పటి వెనక్కి వెళ్లారు. మాకు దుప్పటి కింద నాలుగు పాదాలు కనబడుతున్నాయి. రెండు చెప్పులతో, రెండు కొత్త బూట్లతో. లోపల ఏం మాట్లాడుకున్నారో ఆవిడే తర్వాత చెప్పింది.

“కాదు అనే మాట రావట్లేదండీ.”

“నాకూ అంతే. పొద్దుట్నుంచీ అద్దం ముందు అని చూశాను. రాలేదు.”

“ఎందుకు రావట్లేదంటారు?”

“అబద్ధమవుతుందేమోనని.”

“అంటే నిజమేనంటారా?”

“నిజమైతే బాగుణ్ణని.”

“బాగుంటుందని మీకెలా తెలుసు?”

మేస్త్రీ తల గోక్కున్నాడు. “తెలీదండీ. ఎక్కి చూడాల్సిందే” అన్నాడు.

మాకు మాటలు వినబడలేదు. చెప్పులు బూట్ల వైపు ఒక అడుగు జరగడం మాత్రం చూశాం. తర్వాత చెప్పులు గాల్లోకి లేచాయి, కిందపడ్డాయి. బూట్లూ లేచాయి. మేడం గెంతుతోంది! గాలికి దుప్పటి పైకెగిరి, చేతులు పట్టుకుని ఇద్దరూ అందరికీ కనబడిపోయారు. ఆవిడ జుట్టు ఊడిపోయి, నవ్వుతో ఆయాసపడుతోంది. “నిజం! అంతే. అక్కడితో వాక్యం అయిపోయింది!” అని అరిచింది.

మేడ మీద ఈలలు, చప్పట్లు. మేస్త్రీ వాళ్లమ్మ పిన్నిని వాటేసుకుంది. ఆ గోలలో దర్జీ ఆవిడ రెండు చేతులూ పైకెత్తి, “నాకు ముందే తెలుసు!” అంది.

మేడం గెంతడం ఆపేసింది. “తెలీదు!”

“ఏంటి తెలీదు? నేనన్నది నిజమైందా, కాలేదా?”

“అయింది.”

“ఊరికే అన్నానా? కళ్లతో చూసి అన్నాను.”

“మీరు చూసింది మంచం కాదండీ, అలమర! మీకు తెలీదు. తగిలింది, అంతే. ప్యాంటు వెనక గొడుగు!”

“ప్యాంటేంటి?” అని కంగారుపడి దర్జీ ఆవిడ మేస్త్రీ ప్యాంటు వైపు చూసింది. మేం కొందరం గొడుగు కథ చెప్పడానికి ఒకేసారి నోళ్లు తెరిచాం. సగం మంది దర్జీ ఆవిడ పక్షం, సగం మంది మేడం పక్షం. పెళ్లికూతురు కొంగు నడుముకి దోపి వాదనకి దిగింది. “ఆరోజు మా ఇద్దరికీ అలాంటి ఉద్దేశమే లేదు. లేనిది మీకెలా తెలుస్తుంది?”

దర్జీ ఆవిడ నిదానంగా అడిగింది. “లేదని మీకెలా తెలుసమ్మా?”

మేడం మేస్త్రీ వైపు చూసింది. ఆయన తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు, చెవులు మళ్లీ ఎర్రగా. ఆవిడ మొహంలో ముందు ఆశ్చర్యం, తర్వాత అనుమానం, తర్వాత చెప్పలేనంత సంబరం. “అయ్యో, ఇది నాకు తట్టనే లేదే! ఇది చాలా మంచి ప్రశ్న, చాలా చాలా మంచి ప్రశ్న” అంటూ వెళ్లి దర్జీ ఆవిణ్ణి గట్టిగా కౌగిలించుకుంది. వెంటనే రాసుకోవడానికి కాగితం కావాలంది. నర్సమ్మ మందుల చీటీ వెనక భాగం ఇచ్చింది.

ఆ వారమే మేడం దానిమీద ఒక వ్యాసం రాసి, తన రంగంలో పేరున్న పత్రికకి పంపింది. అలమర, మంచం, గెంతులు, దుప్పటి అన్నీ ఉన్నది ఉన్నట్టు, మనుషుల పేర్ల చోట అక్షరాలు పెట్టి. దానికి జవాబు సరిగ్గా పెళ్లినాడు పొద్దున, రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో నిలబడి ఉండగా ఫోనులో వచ్చింది. వాదన బాగుందన్నారు పరిశీలకులు. ఉదాహరణ మాత్రం మరీ కల్పితంగా, అసహజంగా ఉందట. నిజ జీవితంలో జరగడానికి వీలున్న ఉదాహరణతో మార్చి పంపమన్నారు. మేడం అది అందరికీ పైకి చదివి వినిపించింది. వరండాలో నవ్వులకి లోపల్నుంచి గుమస్తా వచ్చి, “ఇది ఆఫీసండీ” అన్నాడు.

సంతకాలప్పుడు లేదు మాస్టారి దగ్గర కాసేపు పని ఆగింది. “మీరు ఈ దంపతులకి సాక్షేనా?” అని గుమస్తా అడిగితే, “దంపతులు అనే ఒక వస్తువు విడిగా ఉందా అంటే...” అని మొదలుపెట్టాడు. పిన్ని ఆయన చెయ్యి పట్టుకుని కలం గీత మీద పెట్టింది. ధర్మసందేహం గారు మాత్రం ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా సంతకం చేసేశాడు. చేశాక తనే ఆశ్చర్యపోయి, ఆ ఊపులోనే అందరికీ కాఫీ చెప్పాడు.

కాఫీలు వచ్చేలోపల చినుకులు మొదలయ్యాయి. ఎదురుగా రోడ్డు మీద ఒక బస్సు కదలబోతోంది. ఎవరు ముందు పరిగెత్తారో ఇద్దరికీ గుర్తులేదు. పిన్ని “ఎక్కడికే!” అని అరుస్తూనే ఉంది, వీళ్లు ఎక్కేశారు. తడి బట్టలతో వెనక సీట్లో కూర్చుని రొప్పుతుంటే కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“చివరిదాకా” అన్నాడు మేస్త్రీ.

చివరి స్టాపు ఊరి బయట, ఒక ఇటుకల బట్టీ దగ్గర. అక్కడ చూడ్డానికేమీ లేదు. తడిసిన ఇటుకల వరసలు, ఒక రేకుల షెడ్డు, దాని కింద వాన తగ్గడం కోసం నిలబడ్డ రెండు మేకలు. ఇద్దరూ దిగి, మేకల పక్కనే షెడ్డు కింద నిలబడి, అదంతా చాలాసేపు చూశారట.